అమావాస్య గురించి మా కొట్లో అందరూ అడిగే ప్రశ్నలు

నెల్లూరు చిన్నబజారు సందులో మాది చిన్న కొట్టు. పంచాంగాలు, గోడ క్యాలెండర్లు, పూజ సామాను అమ్ముతాం. మా నాయన దగ్గర తిథి చూడటం నేర్చుకున్నాను, కాలేజీలో ఫిజిక్స్ చదివాను. రెండూ సగం సగమే. అయినా క్యాలెండర్ కొన్నవాళ్ళు దాంతోపాటు జవాబు కూడా అడుగుతారు. అమావాస్య దగ్గర పడితే ఇంకా ఎక్కువ. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ రాసి పెడుతున్నాను.

అమావాస్య రోజు చంద్రుడు ఎక్కడికి పోతాడు?

ఎక్కడికీ పోడు. పొద్దున సూర్యుడితోపాటే లేస్తాడు, సాయంత్రం సూర్యుడితోపాటే దిగిపోతాడు. పగలంతా మన నెత్తిమీదే ఉంటాడు. సూర్యుడు, మనం, మధ్యలో చంద్రుడు. ఎండ పడే మొహం సూర్యుడి వైపు ఉంటుంది, మనకు వీపు కనిపించాలి. ఆ వీపు చీకటి, చుట్టూ పట్టపగలు, ఇక ఏం కనిపిస్తుంది?

పిల్లలెవరైనా అడిగితే దిష్టికని తెచ్చిన నిమ్మకాయ ఒకటి తీసి, గల్లాపెట్టె మీద వేలాడే బల్బుకు ఎదురుగా పట్టుకోమంటాను. కాయ బల్బుకు అడ్డంగా వస్తే మన వైపు నల్లగా ఉంటుంది. చెయ్యి చాపి మెల్లగా ఎడమ పక్కకు తిరిగితే అంచున సన్నటి పచ్చగీత, ఇంకొంచెం తిరిగితే సగం కాయ, బల్బుకు వీపు పెట్టేసరికి కాయంతా వెలుగు. అదే పున్నమి. పాఠం అయ్యాక నిమ్మకాయ మళ్ళీ గంపలో వేస్తాను. దిష్టికి పనికిరాదేమోనని ఇప్పటిదాకా ఎవరూ గొడవపెట్టుకోలేదు.

‘అమా’ అంటే కలిసి, ‘వాసం’ అంటే ఉండటం. సూర్యచంద్రులు ఒకే చోట కాపురం ఉన్న రోజన్నమాట. చీకటి అన్న మాటే ఆ పేరులో లేదు. మన వైపు చాలామంది ‘అమాస’ అనే అంటారు.

ఇంకో సంగతి. మనకు అమావాస్య అయిన రోజు చంద్రుడి అవతలి వైపు మిట్టమధ్యాహ్నం. అక్కడ ఒక పగలు మన లెక్కలో 14 రోజులు పైనే. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న వెళ్ళిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగింది. దిగాల్సిన చోట పొద్దు పొడిచే వేళకు సరిపోయేలా చూసుకుని దించారు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లా అయినా, రాకెట్ లేచిన రోజు నెల్లూరు మేడలెక్కి చూసే అలవాటు మాకు పోలేదు.

ఫోన్లో ‘న్యూ మూన్’ అని వస్తుంది. అంటే నెలవంకేనా?

కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫోన్లో కనిపించే న్యూ మూన్ అమావాస్యే. కానీ మనం ‘కొత్త చంద్రుడు’ అంటే మనసులో మెదిలేది పడమట కనిపించే సన్నటి వంక. అది అమావాస్య మర్నాడు సాయంత్రమో, ఆపై రోజో కనిపిస్తుంది. పాడ్యమి నాడు కనిపించడం కష్టం, విదియకు దొరుకుతాడు. ‘విదియనాడు కనపడని చంద్రుడు తదియనాడు తానే కనపడతాడు’ అని సామెత ఉండనే ఉంది. రోజుకు సుమారు 50 నిమిషాలు సూర్యుడికి వెనకబడుతూ ఉంటాడు కాబట్టి, మూడో రోజుకు ఎవరూ వెతక్కర్లేదు.

ఫోన్లో న్యూ మూన్ పక్కన ఒక టైమ్ కూడా ఇస్తారు. అది మన పంచాంగంలో అమావాస్య మొదలయ్యే టైమ్ కాదు, వెళ్ళిపోయే టైమ్. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అలా 30 తిథులు. ముప్పయ్యోదే అమావాస్య. చంద్రుడు సరిగ్గా సూర్యుణ్ణి కలుసుకున్న క్షణానికి అది అయిపోతుంది, వెంటనే పాడ్యమి.

తెలుగులో నెల అంటే చంద్రుడు కూడా. నెలరాజు, నెలవంక, వెన్నెల అన్నీ అందులోంచి వచ్చినవే. అమావాస్యకు అమావాస్యకు మధ్య 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు సగటున. అదే నెల. ‘మరి నెల్లూరు కూడా చంద్రుడి ఊరేనా?’ అని ఒకాయన అడిగాడు. లేదయ్యా, అది నెల్లు, అంటే వడ్ల నుంచి వచ్చిందంటారు.

ఒక క్యాలెండర్లో ఈరోజు అమావాస్య, ఇంకోదాంట్లో రేపు. ఏది నమ్మాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. తిథికి మన తెల్లవారుజాముతో, అర్ధరాత్రితో పని లేదు. చంద్రుడు ఒకప్పుడు వేగంగా, ఒకప్పుడు నిదానంగా నడుస్తాడు. అందుకని ఒక తిథి 20 గంటల్లోనే అయిపోవచ్చు, 26 గంటలు దాటి సాగొచ్చు. మధ్యాహ్నం మొదలై మర్నాడు సాయంత్రం పోతే, రెండు తారీకుల్లోనూ అమావాస్య ఉన్నట్టే.

ఇక ఏ పనికి ఏ వేళ చూడాలన్నది వేరే లెక్క. మామూలు వ్రతాలకు సూర్యోదయానికి ఉన్న తిథి. పెద్దల కార్యానికి మధ్యాహ్నం దాటాక ఉండాలి. దీపావళికి దీపాలు పెట్టే వేళకు ఉండాలి. 2024 దీపావళి గుర్తుందా? అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం నాలుగు లోపే వచ్చింది, నవంబరు 1 సాయంత్రం ఆరింబావు దాకా ఉంది. రెండో రోజు కూడా దీపాల వేళకు కాస్త తోక మిగిలింది. దాంతో ‘ఏ రోజు చేసుకోవాలబ్బా’ అని టెన్షన్. ఎక్కువమంది 31నే చేసుకున్నారు. మా వీధిలో రెండు రోజులూ టపాకాయలు మోగాయి.

2026 ఉగాది ఇంకో తమాషా. ఆ మార్చి 19న సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. ఉదయం 6:50 దాటాక పాడ్యమి వచ్చి, మర్నాడు తెల్లవారే లోపే పోతుంది. ఒక్క సూర్యోదయానికీ అందని తిథి కాబట్టి క్షయం అంటారు. వేరే దారి లేక ఉగాది 19నే.

ఇది కాక ఇప్పటి ఖగోళ లెక్కలతో వేసే దృక్‌సిద్ధాంతం పంచాంగాలకూ పాత పద్ధతి పంచాంగాలకూ కొన్ని గంటల తేడా వస్తుంది. గ్రహణాలు నిమిషం తప్పకుండా సరిపోయేది దృక్ లెక్కకే కాబట్టి నేను ఇంట్లో అదే చూస్తాను. కొట్లో రెండూ అమ్ముతాను.

హిందీవాళ్ళ నెలకూ మన నెలకూ పదిహేను రోజులు తేడా ఎందుకు?

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ళకు పున్నమితో. అందుకే మన ఆశ్వయుజ అమావాస్య వాళ్ళకు కార్తీక అమావాస్య. దీపావళి మాత్రం ఒకటే రోజు.

అధిక మాసం ఎట్లా వస్తుంది?

రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెల అధికం. చంద్రుడి 12 నెలలు కలిపితే 354 రోజులే, సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. ఆ బాకీ తీర్చడానికి మూడేళ్ళు నిండీ నిండకముందే ఒక నెల అదనంగా వస్తుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం.

రొట్టెల పండగ ప్రతి ఏడాదీ ముందుకు జరుగుతుంది కదా, అదీ అమావాస్య లెక్కేనా?

అదే లెక్క, కానీ ఆ బాకీ తీర్చే నెల లేకుండా. ముస్లింల నెల అమావాస్య తర్వాత నెలవంక కంటికి కనిపించిన సాయంత్రంతో మొదలవుతుంది. అధిక మాసం ఉండదు కాబట్టి ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ మొహర్రంతో ముడిపడినది. మొహర్రం పదో రోజు 2023లో జులై 29, 2024లో జులై 17, 2025లో జులై 6. ఈ లెక్కన ఇంకొన్నేళ్ళకు ఎండాకాలంలో వస్తుంది, ఆ తర్వాత సంక్రాంతి చలిలో. చెరువులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె మార్చుకునేవాళ్ళకు ఏ కాలమైనా ఒకటే. ట్రాఫిక్ పోలీసులకు మాత్రం ఎండ ముఖ్యం.

ఆ నెల ముందు రోజుల్లో దర్గా వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన నా దగ్గర పంచాంగం చూపించమని అడుగుతారు. ‘అమాస ఎన్ని గంటలకు పోతుంది నాయనా?’ అని. చూసుకుని, ‘అయితే రేపు కనపడడం అనుమానమే’ అని తనే చెప్పేసి పోతారు. అమావాస్య పోయాక కనీసం ఒక పగలు గడవందే వంక కంటికి ఆనదని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అమావాస్యకు రొయ్యలు పట్టకూడదంటారు. మూఢనమ్మకమా?

కాదు. ఇందులో చాలావరకు నిజం ఉంది. నెల్లూరోడికి ఇది భక్తి కాదు, డబ్బు లెక్క.

రొయ్య పెరగాలంటే పాత పెంకు విడిచేయాలి. దాన్నే మోల్టింగ్ అంటారు. చిన్నప్పుడు కొద్ది రోజులకోసారి విడుస్తుంది, దానికి చంద్రుడితో పని లేదు. పెద్దయ్యాక రెండు వారాలకోసారి అటూ ఇటూ. అప్పుడు అమావాస్యకూ పున్నమికీ చెరువులో చాలా రొయ్యలు ఒకేసారి విడుస్తాయని రైతులందరూ చెప్పే మాట. విడిచిన కొన్ని గంటలు పెంకు మెత్తగా ఉంటుంది. అప్పుడు పడితే ‘సాఫ్ట్’ అని రేటు కోస్తారు. పక్క రొయ్యలు కూడా ఆ మెత్తనిదాన్ని పీక్కు తింటాయి. కొత్త పెంకు గట్టిపడాలంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కావాలి. అందుకే అమావాస్య ముందు మినరల్స్ చల్లుతారు. మేత తినవు కాబట్టి తగ్గిస్తారు. ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఆగకూడదు. ఆ రాత్రి కరెంటు పోయిందా, జనరేటర్ తిప్పే కుర్రాడు నిద్రపోయాడా, తెల్లారేసరికి కథ కంచికే.

మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రెండు చెరువులున్నాయి. ఒకసారి పక్క చెరువులో వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిందని తెలిసి హడావిడిగా, రేపు అమావాస్య అనగా పట్టేశాడు. ముందు రాత్రి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే లేపితే టార్చి పట్టుకున్నది నేనే. ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. దాని మీద పల్చటి పెంకులు, మీసాలతో సహా రొయ్య ఆకారం చెడకుండా, గాజు కాగితంలా తేలుతున్నాయి. ఒకటి వేళ్ళతో ఎత్తితే బరువే లేదు. ట్రే మూలన ఒక రొయ్యని నొక్కి చూశాడు, వేలు దిగిపోయింది. ‘బావా, ఇది పట్టేది కాదు’ అన్నాడు. అని, పొద్దున్నే పట్టాడు. జబ్బు భయం మరి. మూడో వంతు సాఫ్ట్ అని కొనేవాడు పక్కకు తీసి, దానికి సగం రేటు కట్టాడు. ఇంకో నాలుగు రోజులు ఆగుంటే జబ్బు వచ్చేదో లేదో ఎవరికి తెలుసు? మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఆ అమావాస్య గురించే మాట్లాడుతుంది.

సముద్రం అమావాస్యకు పొంగుతుందా?

పొంగుతుంది. పున్నమికీ పొంగుతుంది. చంద్రుడూ సూర్యుడూ ఒకే గీతలో ఉండి నీటిని లాగే రోజులవి. సూర్యుడి లాగుడు చంద్రుడి దాంట్లో సగానికి కాస్త తక్కువ. రెండూ కలిసిన రోజు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి, నవమి రోజుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు లాగి తేడా తగ్గుతుంది. అసలు పెద్ద పోటు తరచుగా అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూ. గుజరాత్ తీరం ముందు ఇది చాలా తక్కువ, అయినా మైపాడులో ఇసుక మీద కూర్చున్నవాడి చెప్పులు కొట్టుకుపోవడానికి చాలు. కండలేరు పాయ మీద ఆధారపడ్డ రొయ్యల రైతులు ఈ పెద్ద పోటు చూసుకునే నీళ్ళు తోడుకుంటారు.

వేటకు వెళ్ళేవాళ్ళకు ఇంకో లాభం. చీకటి రాత్రుల్లో చేపకు వల కనపడదు, వెన్నెల రాత్రుల్లో కనపడి తప్పుకుంటుంది. కొత్తపట్నంలో, కృష్ణపట్నంలో ఏ పెద్దాయన్నడిగినా ఈ మాటే చెబుతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు ఏ అమావాస్య అయినా మరపడవలు ఒడ్డునే.

‘సునామీ కూడా అందుకే వచ్చింది గదా’ అంటారు. 2004 డిసెంబరు 26 పున్నమి అన్నది నిజమే. కానీ అది సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం పని. పోటుపాట్లకూ దానికీ పోలిక లేదు.

అమావాస్య చెడ్డ రోజా?

ఎవర్ని అడుగుతారన్న దాన్ని బట్టి. మన వైపు పెళ్ళిమాటలు, గృహప్రవేశాలు, కొత్త బండి కొనడం అమావాస్యకు పెట్టుకోరు. సూళ్ళూరుపేట దాటి తడ వైపు పోతే తమిళులు నిండు అమావాస్య అని అదే రోజు కొత్త పని మొదలుపెడతారు. చెన్నై నుంచి కోడల్ని తెచ్చుకున్న ఇళ్ళలో ఈ గొడవ నేను చాలాసార్లు విన్నాను. ‘మా అమ్మావాళ్ళు ఆరోజే అడ్వాన్స్ ఇస్తారత్తయ్యా’ అని కోడలు, ‘ఇక్కడ కాదు తల్లీ’ అని అత్త. మధ్యలో నన్ను తీర్పు చెప్పమంటే క్యాలెండర్ చుట్టి చేతిలో పెట్టేస్తాను.

నాకు తెలిసినంతలో ఇది శుభం, అశుభం అనేకంటే సెలవు రోజు. ఒంగోలు గిత్తలతో సేద్యం చేసిన రోజుల్లో అమావాస్యకు ఎద్దు మెడమీద కాడి పెట్టేవాళ్ళు కాదు. వడ్రంగులు, కంసాలులు, మన వైపు బేల్దారి మేస్త్రీలు చాలామంది ఇప్పటికీ ఆరోజు పనిముట్టు పట్టరు. ఆదివారం సెలవు మనకు తర్వాత వచ్చింది. అంతకుముందు ఎద్దుకైనా మనిషికైనా నడుం వాల్చే రోజంటే ఇదే.

పెద్దలకు చేసేది ఈ రోజే ఎందుకు? నాకు మంత్రాలు రావు, ఏం చేయాలి?

అమావాస్య పితృదేవతల తిథి అని శాస్త్రం. తండ్రి లేనివాళ్ళు నువ్వులు, నీళ్ళు వదులుతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నీళ్ళు జారాలి. తండ్రి బతికి ఉన్నవాళ్ళు మామూలుగా ఇది చేయరు. అందరికంటే పెద్దది భాద్రపదంలో వచ్చే మహాలయ అమావాస్య. పోయిన తిథి తెలియని పెద్దలకు కూడా ఆ రోజు పెట్టొచ్చు. నెల్లూరులో రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున ఆ పొద్దున నిలబడే చోటు దొరకదు.

మంత్రాలు రాకపోతే స్వయంపాకం ఇవ్వండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం, నెయ్యి, అరటికాయలు, గుమ్మడికాయ ముక్క, పైన దక్షిణ, తాంబూలం. అదీ కుదరకపోతే కాకికి ముద్ద పెట్టి, ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టండి. ‘ఇంత చాలా అన్నా?’ అని ఒక ఆటో డ్రైవరు అడిగాడు. వాళ్ళ నాయనకు ఇష్టమని ఉల్లిపాయ పకోడీలు పెట్టొచ్చా అని కూడా అడిగాడు. ఉల్లి వద్దంటారు తమ్ముడూ, కానీ మీ నాయన సంగతి నీకే తెలియాలి అన్నాను.

ఏ అమావాస్యకు ఏం ప్రత్యేకం?

శ్రావణంలో పోలాల అమావాస్య. పిల్లల కోసం ఆడవాళ్ళు కంద మొక్కకు పూజ చేస్తారు, బూరెలు, గారెలు. భాద్రపదంలో మహాలయం. ఆశ్వయుజంలో దీపావళి. పుష్యంలో మౌని అమావాస్య. ఫాల్గుణంలో ఉగాది ముందు కొత్త అమావాస్య. సోమవారం కలిసొస్తే రావిచెట్టుకు 108 ప్రదక్షిణలు.

ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు రాదు?

చంద్రుడు తిరిగే దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చాలా అమావాస్యలకు సూర్యుడికి కాస్త పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రెండు దారులు కలిసే చోట అమావాస్య పడితేనే గ్రహణం. 2010 జనవరి 15న, 2019 డిసెంబరు 26న మనకు పాక్షికంగా కనిపించాయి. రెండోసారి కొట్టు ముందు సోలార్ కళ్ళద్దాలతో నిలబడితే రోడ్డు మీద జనమే లేరు. ఎక్స్‌రే ఫిల్మ్, నల్ల కళ్ళజోడు పెట్టుకుని చూడొద్దు, కన్ను పోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు గ్రహణం వల్ల ఏమీ కాదు. అన్నం నీళ్ళు లేకుండా గంటలకొద్దీ కూర్చోబెడితే మాత్రం అవుతుంది.

అమావాస్యకు పిచ్చి ముదురుతుందా? ఆ రోజు పుట్టిన పిల్లలు దొంగలవుతారా?

రెండూ కాదు. చంద్రుడికీ మానసిక జబ్బుకూ ముడిపెట్టి దేశదేశాల్లో లెక్కలు తీశారు, గట్టి ఆధారం దొరకలేదు. ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టక మాట తేడా వస్తుంటే అమావాస్య కోసం కాచుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దొంగల మాటకొస్తే, మా తమ్ముడు అమావాస్య నాడే పుట్టాడు. బ్యాంకులో క్యాషియర్.

గుమ్మడికాయ ఎప్పుడు కట్టాలి, పాతది ఏం చేయాలి?

బూడిదగుమ్మడికాయ అమావాస్య పొద్దున్నే కడతారు, తొడిమ ఊడకూడదు, కడగకూడదు అంటారు. కుళ్ళి కారితే దిష్టి లాగేసిందని సంతోషపడకుండా వెంటనే దించండి. దయచేసి నడిరోడ్డు మీద పగలగొట్టొద్దు. ఆ ముక్కల మీద బండి జారి పడినవాళ్ళను మా సందు మొదట్లోనే చూశాను.

అమావాస్యకు మీ కొట్టు తీస్తారా?

ఆరున్నరకే తీస్తాం. గుమ్మడికాయల బండివాడు మా మెట్ల మీదే దించుతాడు కాబట్టి అంతకన్నా ఆలస్యం కుదరదు. దీపావళి అమావాస్యకు మాత్రం మధ్యాహ్నం మూడుకు కట్టేస్తాం, పంచాంగం కావాల్సినవాళ్ళు ముందే రండి.